గాలి అటేగా పోయింది

పోయిన నెల్లో మల్లయ్య ఫోన్ చేశాడు. "బట్టీ దిబ్బ లేపుతున్నరు బిడ్డా. పెద్ద పెద్ద ఇండ్లు గడ్తరంట. ఒక్కపారి వచ్చి సూసి పో, మల్ల మట్టి గూడ మిగల్ది" అన్నాడు. వస్తానన్నాను. ఫోను పెట్టేశాక ఊరికే కూర్చోలేక స్టూలు వేసుకుని అటకెక్కి, పాత ఇత్తడి బిందెల వెనక నుంచి గాలిమరను కిందికి దించాను. మర అంటే పెద్దదేమీ కాదు. ఒక కడ్డీ, దాని తలమీద మూడు చిన్న అల్యూమినియం గిన్నెలు. గాలి వీస్తే గిన్నెలు తిరుగుతాయి, ఎంత గాలికి అంత వేగం. మూడింటిలో ఒక గిన్నె సొట్టపోయి ఉంటుంది. ఆ సొట్ట ఒక ఇటుక పెట్టింది. ఆ ఇటుక అంతకుముందే మల్లయ్య కుడిచేతిని విరగ్గొట్టి వచ్చింది.

అప్పట్లో నేను గాలి మీద పరిశోధన చేసేదాన్ని. గాలిలో పడ్డ వస్తువు, పొగైనా దుమ్మైనా విషమైనా, ఎటు కొట్టుకుపోతుంది, ఎక్కడ విడిపోతుంది, దేనిలో కలిసిపోతుంది అన్నది గణితంతో పట్టుకోవడం నా పని. ఈ మాట ఇంత పొడుగ్గా చెప్పే ఓపిక మా మామ్మకు ఉండేది కాదు. "మీ మనవరాలేం చదువుతోందండీ?" అంటే "గాలి చదువు" అనేసేది. దాంతో రెండు మంచి సంబంధాలు గాలికే పోయాయి. నేనేమీ విచారించలేదు. విచారించినట్టు మొహం పెట్టడం కూడా నాకు సరిగ్గా రాలేదని అమ్మ బాధ.

మాది గోదావరి వైపు. నాన్నగారు ఇటు మేడ్చల్ అవతల, లాల్‌గడి మలక్‌పేట్ దాటాక తుప్పల మధ్య ఉన్న ఒక రసాయనాల కర్మాగారంలో షిఫ్టు పెద్ద. మేం అలియాబాద్ రోడ్డు మీద కొత్తగా లేచిన కాలనీలో ఉండేవాళ్లం. కాలనీకి ఉత్తరాన ఊరు. ఊరి పేరు రాయను, వాళ్లు ఇప్పటికీ నాకు పెళ్లి పత్రికలు పంపిస్తున్నారు. ఊరికి పడమట మల్లయ్య ఇటుకబట్టీ, తూర్పు అంచున నర్సింహ కోళ్లఫారాలు, ఇంకా తూర్పుకు వెళితే నాన్నగారి కర్మాగారం. మా ఇంట్లో గడియారం కన్నా ముక్కుకే విలువెక్కువ. కోళ్లపెంట వాసన ముదిరితే అమ్మ ఉత్తరపు కిటికీ మూసేది, బట్టీ పొగ వస్తే పడమటిది. నాన్నగారి ఖాకీ చొక్కా ఇంట్లోకి రానిచ్చేది కాదు, పెరట్లో విడిగా ఒక తీగ కట్టి దానిమీద ఆరేసేది. ఆ చొక్కా వాసన నాకు చిన్నప్పటి నుంచీ నాన్న వాసనే. అది క్లోరిన్ వాసన అని తర్వాత కాలేజీ ప్రయోగశాలలో తెలిసినప్పుడు, పరీక్షనాళిక చేతిలో పట్టుకుని ఇంటికి వెళ్లాలనిపించింది.

మామ్మ మడతకాజాలు చేసేది. చేసేది అనడం మర్యాద. పిండిని కొట్టేది. ముద్దను పీటమీద ఎత్తి పడేసి, గుద్ది, చపాతీకర్రతో గది చివరిదాకా తరిమినట్టు సాగదీసి, మడిచి, మళ్లీ గుద్దేది. అంత కక్ష ఎవరిమీదో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. తాతగారు పోయి అప్పటికే చాలా కాలమైంది. ఒకసారి ఆ ముద్దలో ఒక మూల చిటికెడు పసుపు పెట్టి చూశాను. నాలుగు సాగతీతలు, నాలుగు మడతలయ్యేసరికి పసుపు పొరపొరల్లోకీ వెళ్లిపోయింది. మొదట పక్కపక్కనే ఉన్న రెండు పసుపు రేణువులు ఇప్పుడు పీటకు రెండు చివర్ల ఉన్నాయి. నా పరిశోధనంతా ఆ పీటమీదే ఉంది. గాలి కూడా తన కడుపులో పడ్డదాన్ని సాగదీస్తుంది, మడుస్తుంది. దగ్గరివాళ్లను విడదీసి, ఎక్కడివాళ్లనో తెచ్చి పక్కన నిలబెడుతుంది. "నా పిండిలో పసుపు పోసినందుకు నిన్ను మడతపెడతానే" అని మామ్మ కర్ర ఎత్తింది. ఆమెకు మాత్రం నా పద్ధతి ముందే తెలిసినట్టుంది.

ఇంకో పాఠం శుక్రవారం సాంబ్రాణిది. మామ్మ నిప్పుల గిన్నె పట్టుకుని గదిగదికీ తిరుగుతుంటే పొగ తీగలాగా సాగేది. మధ్యలో ఎవరైనా పంకా వేస్తే తీగ వంకర తిరిగేది. కంటికి కనిపించే ఆ వంకర తీగ ఏ ఒక్క రేణువూ నడిచిన దారి కాదు. వేర్వేరు క్షణాల్లో బయల్దేరినవన్నీ ఈ క్షణాన నిలబడిన వరస అది, అంతే. ఇప్పుడు పొగ ఎటు చూపిస్తోందో చూసి, ఇందాకటి గాలి ఎటునుంచి వచ్చిందో చెప్పలేం. ఈ మాటను నేను వ్యాసాల్లో చాలా కష్టమైన గుర్తులతో రాశాను. మా ఊళ్లో దాన్ని ఇటుకలతో రాశారు.

మా ఆచార్యులు మూడు గాలిమరలు ఇచ్చారు. గిన్నెలు తిరిగితే గాలి వేగం, పక్కన బిగించిన తోకరేకు మళ్లితే దిక్కు, కింద ఒక చుట్టకాగితం మీద గీతలుగా పడేవి. ఒకటి మా డాబామీద పెట్టాను. పక్షులకు గింజలు వేసే గిన్నెలనుకుని మామ్మ నూకలు పోసింది. రెండోది నాన్నగారే మేనేజరును బతిమాలి కర్మాగారం నీళ్లట్యాంకు మీద పెట్టించారు. "మా అమ్మాయి చదువుకి సార్" అని ఆయన అంటున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన గొంతులో అంత గర్వం అంతకుముందు వినలేదు. మూడోది బట్టీ దగ్గర ఒక గుంజకు కట్టించాను. మల్లయ్య నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. మా ప్రహరీ గోడకు ఇటుకలు పోసినప్పటి నుంచీ మాకు తెలిసినవాడే.

"ఏంది బిడ్డా గిది? గాలిని తూకమేస్తవా?"

"తూకం కాదు మల్లయ్యా, ఎటు పోతుందో చూస్తాను."

"ఎటు పోతదో నాకు ఎర్కలేదా? పొద్దుగాల ఊరి దిక్కు, మాపటికి గూడ ఊరి దిక్కే. మా ఆడోల్లకు నా పొగ తోటి రోజూ పంచాది. గాలికి లెక్కలు జేసుడేంది, గాలికి తిర్గినట్టె గద."

"గాలికి తిరిగితే డాక్టరేటు ఇస్తారు."

"మా తమ్మునికి ఎన్ని ఇయ్యాలె మల్ల!" అని పగలబడి నవ్వాడు. కుడిచేత్తో గుంజను రెండు గుద్దులు గుద్ది గట్టిగా పాతాడు. ఆ చెయ్యి అలా పనిచేయగా నేను చూడటం అదే చివరిసారి.

ఆ రోజు ఎండాకాలం మధ్యాహ్నం. పొద్దుటి పడమటి గాలి మెల్లగా నీరసించి ఆగిపోయినట్టైంది. బట్టీ పొగ మాత్రం ఊరిమీదికి బద్ధకంగా వాలుతోంది. కర్మాగారంలో ఒక పైపు అతుకు ఊడిందని, పసుపుపచ్చని గ్యాసు బుసకొడుతూ బయటికి వచ్చిందని, నాన్నగారు తడిగుడ్డ మొహానికి కట్టుకుని స్వయంగా వాల్వు మూశారని మాకు అప్పుడు తెలియదు. గ్యాసు ఊరికి ఎదురుదిక్కుగా, తూర్పుకు పోయింది. అటు మనుషులు లేరు, తుప్పలు, ఒక ఎండిన వాగు. గాలికన్నా బరువైన గ్యాసు, వాగు పల్లంలోకి దిగి పడుకుంది. కాసేపటికి ఈశాన్యాన ఆకాశం నల్లబడి, ఎవరో గోడ నెట్టినట్టు దుమారం విరుచుకుపడింది. మా వీధిలో రేకులు లేచిపోయాయి. ఒక రేకు ఎగిరివచ్చి పక్కింటివాళ్ల గేదె మెడకు దిగింది. అది కాళ్లు కొట్టుకుంటూ గొంతులోంచి వింత శబ్దం చేస్తూ చచ్చిపోవడం కిటికీలోంచి చూస్తూ, నేను కదలలేకపోయాను. నాలుగు చినుకులు పడి దుమారం పోయింది. మళ్లీ పడమటి గాలి అందుకుంది. బట్టీ పొగ మళ్లీ ఊరిమీదికి వాలింది.

ఈ మధ్యలోనే నర్సింహ కోళ్లు చచ్చిపోయాయి. ఫారంలో రెండు షెడ్లు, మధ్య ఒక బండి పట్టేంత దారి. తూర్పు షెడ్డులో ఒక్క కోడి మిగల్లేదు. మెడలు వెనక్కి విరుచుకుని, ముక్కుల్లోంచి నురగ కారుతూ, ఒకదానిమీద ఒకటి గుట్టలుగా పడి ఉన్నాయి. పడమటి షెడ్డులో కోళ్లు మాత్రం ఏమీ ఎరగనట్టు దాణా తింటున్నాయి. చచ్చిన షెడ్డు పక్క మంచంమీద పడుకున్న నర్సింహ తల్లి, ముసలవ్వ, ఊపిరి అందక గుడ్లు తేలేసింది. ఆమెను జీపులో వేసి తీసుకెళ్లారు. జనం బయటికి వచ్చి తలెత్తి చూశారు. ఘాటు ఉంది, కళ్లు మండుతున్నాయి, పైన మల్లయ్య పొగ ఉంది. అంతకుముందు వారమే అతను బట్టీలో ఎక్కడివో పాత డ్రమ్ములు కాల్చాడన్న పుకారు కూడా ఉంది. పొగ వేలు పెట్టి చూపిస్తోంది, వీళ్లు ఆ వేలి వెంట పరిగెత్తారు.

నేను దుమారానికి మర ఏమైందో చూద్దామని వెళ్లేసరికి అంతా మొదలైపోయింది. బట్టీ మీద నుంచి ఎర్రటి ఇటుకలు లాగి విసురుతున్నారు. మల్లయ్య భార్య అరుస్తోంది. "మా అవ్వను సంపినవ్ గదరా" అంటూ నర్సింహ అతన్ని జుట్టు పట్టుకుని నేలకేసి కొడుతున్నాడు. ఎవడో మల్లయ్య కుడిచేతిని అచ్చులబల్ల మీద పెట్టి అదిమాడు, ఇంకొకడు రెండు చేతులతో ఇటుక ఎత్తాడు. ఎముక విరిగిన చప్పుడు పచ్చికొమ్మ విరిచినట్టుంటుందని చాలామంది రాస్తారు. కాదు. కుండ పగిలినట్టుంటుంది. ఆ ఇటుకే ఎగిరి నా గాలిమరకు తగిలింది. గిన్నె సొట్టపోయి, గుంజతో సహా కూలింది. పోలీసులు వచ్చి లాఠీలతో అందరినీ ఒకే తీరున బాదారు. నాకు కూడా ఒకటి వేశారు, పిక్కమీద. గాలి శాస్త్రవేత్తనని చెప్పే వ్యవధి దొరకలేదు.

మల్లయ్యను కట్టుతో ఇంటికి పంపారు. ఆదివారం పంచాయితీ పెడతామని, అతన్ని ఊరినుంచి వెళ్లగొడతామని ఊరు తీర్మానించింది. "అవ్వకేమన్న అయితె వాన్ని గదే బట్టిల వెడ్తం" అని నర్సింహ అందరి ముందూ అన్నాడు. ఉత్తమాట కాదని అతని మొహం చూసినవాళ్లకు తెలుసు.

నాకు నిద్రపట్టనిది ఆ రెండు షెడ్లతోనే. పొగ పరుచుకుని చంపితే రెండింటినీ చంపాలి. మధ్యలో కత్తితో గీసినట్టు ఒక గీత ఉంది, దానికి అటు చావు, ఇటు బతుకు. మా శాస్త్రంలో అలాంటి గీతకు ఒకటే అర్థం. పక్కపక్కనే ఉన్న ఆ రెండు గాలి ముద్దలు దూరదూరాల నుంచి వచ్చి అక్కడ ఒరుసుకుని ఆగాయి. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే కాలాన్ని వెనక్కి తిప్పాలి. మూడు మరల గీతలూ, కూలిన దానితో సహా, తీసుకుని విశ్వవిద్యాలయం కంప్యూటరు ముందు కూర్చున్నాను. రెండు షెడ్ల మీదా ఒక్కో చుక్క పెట్టి, నిమిషం వెనక నిమిషం, గాలిని వెనక్కి నడిపాను. చుక్కలు కాసేపు చెయ్యీచెయ్యీ పట్టుకున్నట్టు కలిసి నడిచాయి. దుమారం తాకిన క్షణానికి విడిపోయాయి. బతికిన షెడ్డు చుక్క ఉత్తరాన రాళ్ల గుట్టలమీదికి వెళ్లిపోయింది. చచ్చిన షెడ్డు చుక్క వాగులోకి దిగి, కాసేపు అక్కడే తిరిగి, మెల్లగా లేచి, నేను నాన్నగారి చేత పెట్టించిన నీళ్లట్యాంకు దగ్గరికి వెళ్లి ఆగింది.

మళ్లీ చేశాను. చుక్కను కొంచెం జరిపి చేశాను. గాలి వేగం తగ్గించి చేశాను. ఆచార్యులు వెనక నిలబడి చూసి, "లెక్క తప్పు లేదమ్మా. తప్పు దొరికితే బాగుండునని వెతుకుతున్నావు, అది నాకు కనిపిస్తోంది" అన్నారు.

ఆదివారం పొద్దున నాన్నగారు వరండాలో బూట్లకు పాలిష్ చేసుకుంటున్నారు. సెలవైనా చేసుకునేవారు. కాగితం ఆయన ముందు పెట్టి, రెండు గీతలూ వేలితో చూపించాను. బ్రష్షు ఆగింది.

"గాలి అటేగా పోయింది, అమ్మడూ" అన్నారు. "నా కళ్లతో చూశాను. పచ్చగా, తూర్పుకేసి. ఊరి మీదికి కాదుగదా అని దణ్ణం కూడా పెట్టుకున్నాను."

"పోయింది నాన్నా. తిరిగొచ్చింది."

ఆయన కాగితాన్ని చాలాసేపు చూశారు. కర్మాగారంలో ఎవరూ బయట నోరెత్తకూడదని చెప్పారట. ఆయనకూ చెప్పాల్సిందేమీ కనిపించలేదు, గాలి అటు పోయిందిగదా మరి. ఆ మాటను అడ్డం పెట్టుకుని నాలుగు రోజులు అన్నం తిన్నారు. ఇప్పుడు నేను దాన్ని లాగేశాను.

అమ్మ గుమ్మంలోంచి అంతా వింది. "మీరు వెళితే చంపేస్తారండీ."

"వెళ్లకపోతే వాణ్ణి చంపుతారు" అని బూట్లు వేసుకున్నారు. ఒకదానికే పాలిష్ అయింది. మామ్మ పీటమీద సగం సాగిన పిండిని ఎత్తి గోడకేసి కొట్టింది.

రేషను షాపు అరుగు దగ్గర ఊరంతా ఉంది. మల్లయ్య కట్టు చేతితో కింద కూర్చున్నాడు. నాన్నగారు చేతులు జోడించి మొదలుపెట్టారు. "అండీ, గ్యాసు మా దగ్గర్నుంచి వచ్చిందండీ. మల్లయ్య పొగ కాదు. పైపు అతుకు ఊడింది. ఆ డ్యూటీ నాది. గాలి అటు పోయిందనుకున్నాను. మా అమ్మాయి లెక్కకట్టి చూసింది, తిరిగొచ్చిందండీ."

"ఏంది సారు," అన్నాడు నర్సింహ, "నీ బిడ్డ గాలిని ఎన్కకు నడిపిస్తదా? సైన్మ రీలా?"

"రెండు షెడ్లలో ఒకటే ఎందుకు చచ్చిందో చెబుతాను" అన్నాను. చెప్పాను. గుర్తుల్లేకుండా, సాంబ్రాణితో, మడతకాజాతో. నా జీవితంలో నేను ఇచ్చిన అత్యుత్తమ ఉపన్యాసం అది. మధ్యలోనే శ్రోతలు లేచారు.

మొదటి దెబ్బ నర్సింహది, కడుపులో. తర్వాతవి ఎవరివో తెలియదు. చెప్పులు, మోచేతులు, ఒక సైకిలు గొలుసు. "అయ్యో, ఆగండీ, ఒక్క మాటండీ" అంటున్నారు నాన్నగారు, కిందపడ్డాక కూడా అండీ మానలేదు. పెదవి చీలి రక్తం తెల్ల చొక్కామీద కారుతోంది. నేను ఎవరి చెయ్యో కొరికాను, ఉప్పగా తగిలింది. నన్ను జడపట్టి పక్కకు ఈడ్చేశారు. అప్పుడు గుంపు చీలింది. మల్లయ్య వచ్చాడు. కట్టు చెయ్యి గుండెకు అంటుకుని ఉంది. ఎడంచేత్తో నాన్నగారి కాలరు పట్టి లేపి, నిలబెట్టి, అదే చేత్తో కుడిచెవి మీద ఒక్కటి కొట్టాడు. ఆ చప్పుడుకు ఊరంతా ఆగిపోయింది.

"గిది నాది" అన్నాడు ఊరివైపు తిరిగి. "నా శెయ్యి ఇర్గింది, నేను గొట్టిన. అయిపాయె. మీరెందుకు గొడ్తున్నరు? మొన్న నన్ను గొట్టింది మీరే, గియ్యాల సారును గొడ్తున్నది మీరే. మల్ల గాలి మల్లితె ఎవ్వని మీదికి పోతరు? గీనె వచ్చి జెప్పకపోతె నేను బట్టిల ఉంటుంటి. ఇగ ఎవ్వడన్న శెయ్యి లేపుండ్రి, సూస్త."

ఎవరూ లేపలేదు. నర్సింహ అరుగుమీద కూర్చుని మొహం కప్పుకుని ఏడ్చాడు.

నాన్నగారిని చేర్చిన ఆసుపత్రిలోనే అవ్వ కూడా ఉంది. కోలుకుంటోంది. విషయం తెలియక, నాన్నగారి మొహం చూసి, "ఎవలు గొట్టిండ్రు నాయినా, సేతులు వడిపోను" అని కొడుకు తెచ్చిన బన్ను సగం తుంచి ఇచ్చింది. నాన్నగారు తీసుకుని తిన్నారు. అధికారులకు ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పారు. కర్మాగారం కొన్నాళ్లు మూతపడి, ఇంకాస్త ఎత్తు పొగగొట్టంతో మళ్లీ తెరుచుకుంది, ఆయన లేకుండా. మేం మేడ్చల్‌లో అద్దె ఇంటికి మారాం. ఆయన ఒక దాణా మిల్లులో చేరారు. పెరట్లో విడిగా తీగ కట్టే అవసరం పోయింది, కానీ అమ్మ కట్టింది. ఆయన కుడిచెవిలో మాత్రం ఒక హోరు మిగిలిపోయింది. గాలి వీస్తున్నట్టే ఉండేదట, ఆగకుండా.

మొన్న వెళ్లాను. ఊరికి, కాలనీకి మధ్య ఉన్న ఖాళీ అంతా ఇళ్లతో కలిసిపోయింది, మనుషులు మాత్రం కలిసినట్టు లేరు. ప్రహరీలు పెరిగాయి. ఇప్పుడు గాలి ఎటు వీస్తోందో అందరి ఫోన్లలోనూ రంగురంగుల బాణాలుగా కదులుతుంది. నేను ఏళ్ల తరబడి పాట్లు పడి చేసిన పని అది క్షణంలో చేసేస్తుంది, నాకేమీ అసూయ లేదు, కొంచెమే. ఘాటు వాసన వస్తే "ఎవరికైనా వస్తోందా?" అని ఫోన్లో ఒకరినొకరు అడిగి, కిటికీలు వేసుకుని, ఏసీ పెట్టుకుంటారని అక్కడ ఉంటున్న నా పాత విద్యార్థిని ఒకామె చెప్పింది. అప్పుడు తప్పు మనిషి చెయ్యి విరగ్గొట్టేవాళ్లం. ఇప్పుడు ఏ మనిషినీ అడగం. ఇది నాగరికతే అయి ఉండాలి. రాత్రిళ్లు దగ్గే పిల్లల్ని అడగలేదు.

దిబ్బ సగం లేచిపోయింది. మల్లయ్య దానిమీద నిలబడి ఉన్నాడు, వంకరగా అతుక్కున్న చెయ్యి వెనక్కి పెట్టుకుని. నన్ను దిబ్బ చుట్టూ ఒకసారి తిప్పి చూపించాడు. తర్వాత అడిగాడు.

"సారు చెవిల గాలి, ఆఖర్కన్న ఆగిందా బిడ్డా?"

"ఆగలేదు మల్లయ్యా. పోయేదాకా రోజూ పొద్దున లేచి, ఇవాళ పడమటి గాలే అమ్మడూ అనేవారు. నవ్వుతూనే."

మల్లయ్య నవ్వబోయి ఎడంచేతిని ముందుకు తెచ్చుకుని అరచేతిలోకి చూసుకున్నాడు. నేను సంచిలోంచి గాలిమర తీశాను. అతను నా చేతిలోంచి లాక్కుని, ఆ చేత్తోనే, మిగిలిన మట్టిలో కడ్డీని గుచ్చాడు. సొట్ట గిన్నె మూలాన తడబడుతూ, కుంటుతూ, తిరగడం మొదలుపెట్టింది. అటు దూరంగా కర్మాగారం గొట్టంలోంచి సన్నగా పొగ లేస్తోంది.

"యాడికి పోతాంది?"

"తూర్పుకే. ఊరి మీదికి కాదు."

అతను ఆ పొగవైపే కళ్లు చికిలించి చూస్తూ, కదలబోతున్న నన్ను చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పోకు. ఇంక జరసేపు నిలవడి సూద్దాం" అన్నాడు.